ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్

నెల్లూరు జిల్లా పడమటి సీమలో, ఉదయగిరి కొండల చెంతనుండి ఆత్మకూరు వరకు, అనుమసముద్రంపేట వంటి ఊళ్ళలో ఏ యింట చూచినను రసాయనశాస్త్రము కానవచ్చును. కాల్చిన సున్నపురాతిపై నీరు చల్లినచో అది బుసలుకొట్టి, పొగలు చిమ్మి, పొడియై రాలును. మాసిన రాగిచెంబును చింతపండుతో తోమినచో అది క్రొత్తదానివలె మెరయును. గోరువెచ్చని పాలలో కొంచెము మజ్జిగ వేసినచో తెల్లవారుసరికి అవి గడ్డపెరుగగును. వానలో తడిసిన గునపము త్రుప్పు పట్టును. ఈ వింతల నన్నిటిని పుట్టినది మొదలు చూచుచున్న బాలుడే కళాశాలలో అడుగిడి, అవే సంగతులను సంకేతములతోను, సూత్రములతోను, నోరు తిరుగని పేళ్ళతోను చదువవలసి వచ్చినప్పుడు బెదరిపోవును. ప్రశ్న అడిగినచో తోటివారు నవ్వుదురేమో యని నోరు మూసికొనును. అడుగని ప్రశ్న మనస్సులో ముల్లువలె నాటుకొని యుండును.

ఈ భయమును పోగొట్టుటయే ఉపాధ్యాయుని మొదటి పని యని నమ్మినవా డొకడు కలడు. ఆయన ఇరువదియేడేండ్లు ఒకే కళాశాలలో నిలిచి, తొలితరగతి విద్యార్థులను నవ్వించుచు, ప్రశ్నించుచు, వారి ప్రశ్నలకు సంతోషించుచు రసాయనశాస్త్రమును నేర్పెను. ఆయన శిష్యులలో పలువురు లోకప్రసిద్ధులైరి. ఆ మహనీయుడే ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్.

ప్రఫుల్లచంద్రుడు 1861వ సంవత్సరము ఆగస్టు 2వ తేదీన వంగదేశమున రారులి అను గ్రామములో జన్మించెను. ఆ గ్రామము కపోతాక్షీనది ఒడ్డున నున్నది. అది యిప్పుడు బంగ్లాదేశములో చేరియున్నది. తండ్రి హరిశ్చంద్ర రాయ్ భూవసతి గలవాడు, విద్యాప్రియుడు. ఆయన యింట మంచి గ్రంథాలయ ముండెను. కుమారులకు ఉన్నతవిద్య చెప్పించు కోరికతో ఆయన 1870లో కుటుంబమును కలకత్తాకు తరలించెను. ప్రఫుల్లచంద్రుడు అచ్చట హేర్ పాఠశాలలో చేరెను.

బాలుడు చురుకైనవాడే గాని, 1874లో ఆతనిని తీవ్రమైన రక్తగ్రహణి పట్టుకొనెను. చదువు ఆగిపోయెను. దేహము శుష్కించెను. ఆ జబ్బు విడిచిపోయినను దాని జాడ మాత్రము ఆయనను జీవితాంతము వదలలేదు. నాటినుండి ఆయన మితాహారమునే నమ్ముకొని, వేళ తప్పని దినచర్యతో బ్రతుకవలసి వచ్చెను. అయినను ఆ రోగకాలము వ్యర్థము కాలేదు. మంచముపై నున్న బాలుడు తండ్రిగారి పుస్తకముల నొక్కటొక్కటిగా చదివెను. దేశచరిత్రలను, మహాపురుషుల జీవితములను చదివెను. ఎవరును చెప్పకయే లాటిన్ భాష నేర్వ మొదలిడెను. పాఠశాల మూసిన తలుపును పుస్తకములు తెరచెను.

ఆరోగ్యము కుదుటబడిన పిదప ఆల్బర్టు పాఠశాలలో చదువు ముగించి, ప్రఫుల్లచంద్రుడు ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు నెలకొల్పిన మెట్రోపాలిటన్ విద్యాలయమున చేరెను. ఆతనికి సాహిత్యమన్నను చరిత్రయన్నను మిక్కిలి ప్రీతి. రసాయనశాస్త్రము ఆతడు కోరి వలచినది కాదు. అది పాఠ్యక్రమములో నుండుటచే చదువవలసి వచ్చెను. ఆ పాఠములకై విద్యార్థులు ప్రెసిడెన్సీ కళాశాలకు పోవలసి యుండెను. అచ్చట అలెగ్జాండరు పెడ్లరను ఆంగ్లేయుడు రసాయనశాస్త్రము బోధించుచుండెను. పెడ్లరు ప్రయోగములు చేసి చూపుటలో గొప్ప నేర్పరి. ఆయన చేతిలో గాజు గొట్టములు, సీసాలు, వాయువులు ఆడినట్లు ఆడెడివి. చూచుచున్న ప్రఫుల్లచంద్రుని మనస్సు సాహిత్యమునుండి మెల్లగా ఇటు మరలెను.

చూచి సంతోషించుటతో ఆతడు తృప్తి చెందలేదు. తన తోటివిద్యార్థి యొకనితో కలిసి, అతని బసలోనే చిన్న ప్రయోగశాల నొకదానిని ఏర్పరచెను. తరగతిలో చూచిన ప్రయోగమును మిత్రు లిరువురును బసలో మరల చేసెడివారు. ఒకడు సందేహము వెలిబుచ్చగా రెండవవాడు సమాధానము వెదకెడివాడు. ఒకనాడు వారికి పెద్ద కోరిక పుట్టెను. హైడ్రోజను, ఆక్సిజను అను రెండు వాయువులను తగిన రీతిని కలిపి మండించినచో మిక్కిలి వేడిగల జ్వాల పుట్టును. ఆ జ్వాల నిచ్చు ఊదుగొట్టము కొనుటకు విద్యార్థులవద్ద ధనమెక్కడిది? వీధిలో రేకుపని చేయువానిచే పలుచని రేకుతో అట్టి పరికరము నొకదానిని చేయించిరి. ఆ పనివానికి డబ్బాలకు మాట్లు వేయుట తెలియునే గాని వాయువుల స్వభావము తెలియదు. వాయువులు పరికరమునందే కలిసిపోయి, నిప్పు తగిలినంతనే అది భయంకరమైన ధ్వనితో ప్రేలిపోయెను. అదృష్టవశమున ఇరువురికిని గాయములు తగులలేదు.

ఈ ప్రేలుడు మరియొక బాలుని ఆ శాస్త్రమునుండి దూరముగా తరిమియుండెడిది. ప్రఫుల్లచంద్రునకు మాత్రము రెండు సంగతులు బోధపడెను. ప్రకృతి తనను పరీక్షించువాని తొందరపాటును క్షమింపదు. ఇది మొదటిది. చేసి చూచినది ఎన్నటికిని మరపునకు రాదు. ఇది రెండవది. తరువాత ఆయన ఉపాధ్యాయుడైనప్పుడు ఈ రెండును ఆయన బోధనకు పునాదిరాళ్ళైనవి.

ఆ కాలమున బ్రిటనులో చదువుకొనగోరు విద్యార్థులకు గిల్‌క్రైస్టు విద్యార్థివేతన మొకటి యుండెను. దానికై జరుగు పరీక్ష కఠినమైనది. ప్రఫుల్లచంద్రుడు రహస్యముగా సిద్ధపడి, 1882లో ఆ విద్యార్థివేతనమును గెలుచుకొని, ఎడింబరో విశ్వవిద్యాలయమున చేరెను. అచ్చట క్రమ్ బ్రౌన్ అను ప్రసిద్ధుడు రసాయనశాస్త్రాచార్యుడు. ఆయన శిష్యరికమున ప్రఫుల్లచంద్రుడు 1885లో బి.ఎస్‌సి. పట్టమును, 1887లో డాక్టరు పట్టమును పొందెను. విద్యార్థిగా నున్నప్పుడే భారతదేశమున బ్రిటిషు పాలన యెట్లున్నదో విమర్శించుచు ఒక వ్యాసము వ్రాసి, అచ్చటి పెద్దల దృష్టి నాకర్షించెను. ఎడింబరో విశ్వవిద్యాలయ రసాయన సంఘమునకు ఉపాధ్యక్షుడుగా నెన్నికయ్యెను.

1888లో ఆయన స్వదేశమునకు తిరిగివచ్చెను. ఓడ దిగి కలకత్తా చేరినంతనే దొరల దుస్తులను విడిచి, మిత్రునివద్ద ధోవతిని, ఉత్తరీయమును ఎరువు తెచ్చుకొని ధరించెను. అంత గొప్ప చదువు చదివివచ్చినను ఆయనకు వెంటనే ఉద్యోగము దొరకలేదు. దాదాపు ఏడాది గడచెను. ఆ దినములలో జగదీశచంద్ర వసువు ఆయనకు తన యింట ఆతిథ్య మిచ్చెను. విద్యాశాఖలోని ఉన్నతశ్రేణి ఉద్యోగములు ఆ కాలమున మిక్కిలిగా ఆంగ్లేయులకే దక్కుచుండెను. సమానమైన పట్టములు గల భారతీయునకు తక్కువ శ్రేణి, తక్కువ జీతము. కడకు 1889లో ప్రెసిడెన్సీ కళాశాలలో నెలకు 250 రూపాయల జీతముపై తాత్కాలికముగా సహాయాచార్య పదవి లభించెను. ఈ అన్యాయమును గూర్చి ఆయన పై యధికారికి మొరపెట్టుకొనగా, ఇష్టము లేనిచో ఈ పనిలో చేరుమని ఎవరును నిర్బంధింపలేదని ఆ యధికారి ఎత్తిపొడిచెను. ప్రఫుల్లచంద్రుడు ఆ మాటను దిగమ్రింగెను. భారతీయులు విజ్ఞానశాస్త్రమునకు తగుదురా తగరా యను ప్రశ్నకు తన తరగతిగదినుండియే సమాధాన మీయవలెనని నిశ్చయించుకొనెను.

అయితే ఆ తరగతిగదిలో అడుగుపెట్టుట ఆయనకు సులభము కాలేదు. ఆయన సిగ్గరి, సభలో మాటాడుట యలవాటు లేనివాడు. పైగా పెడ్లరువంటి నేర్పరి ప్రయోగములు చేసి చూపిన బల్లవద్దనే తానును చేసి చూపవలసి యుండెను. ప్రయోగము చెడినచో విద్యార్థులు నవ్వుదురు. వెనుకటి సంవత్సరములలో వారు చూచినది ఆంగ్లేయుని నేర్పు. ఇప్పుడు తప్పిన ప్రయోగము భారతీయుని అసమర్థత యనిపించుకొనును. అందుచే ఆయన కళాశాలలోనే యున్న చంద్రభూషణ భాదురి అను ప్రయోగప్రదర్శకుని ఆశ్రయించెను. తాను డాక్టరు పట్టము పొందినవాడనని ఆయన సంకోచింపలేదు. రేపు తరగతిలో చూపవలసిన ప్రయోగమును నేడే భాదురితో కలిసి పలుమార్లు చేసి చూచుకొనెడివాడు. గురువు తానే విద్యార్థియై నేర్చుకొనుటచే, విద్యార్థి ఎక్కడ తడబడునో ఆయనకు చక్కగా తెలిసెను.

కొంత అనుభవము రాగానే తొలితరగతి బోధన తనకే యుండవలెనని ఆయన కోరుకొనెను. పేరుప్రతిష్ఠలు వచ్చిన పిదప పైతరగతులను మాత్రమే చేపట్టి, క్రొత్తగా చేరినవారిని చిన్న ఉపాధ్యాయులకు వదలివేయుట చాలచోట్ల అలవాటు. ప్రఫుల్లచంద్రుని యభిప్రాయము దీనికి విరుద్ధము. కుమ్మరి మట్టి పచ్చిగా నున్నప్పుడే కుండకు రూపము దిద్దును. ఎండిన పిమ్మట ఎంత నేర్పరియైనను చేయగలిగిన దేమియు లేదు. అట్లే కళాశాలలో అప్పుడే అడుగిడిన విద్యార్థి మనస్సునకు అనుభవశాలియైన గురువు చేయి మొదట తగులవలెనని ఆయన నమ్మెను.

ఆయన తరగతి గంట మ్రోగగానే బాలురు ఉత్సాహముతో వచ్చి కూర్చుండెడివారు. ఆయన పుస్తకము తెరచి వల్లించెడివాడు కాడు. ఆక్సిజనును గూర్చి చెప్పవలసి వచ్చినప్పుడు ముందు ప్రీస్ట్లీ, షీలే, లవాజియే అను మువ్వురి కథ చెప్పెడివాడు. ఒకే వాయువు మూడు దేశముల శాస్త్రజ్ఞుల చేతికి ఎట్లు చిక్కెనో, దాని నిజస్వరూపము నెవరు గుర్తించిరో కథవలె నడపెడివాడు. నడుమ ఆగి, నీవు ఆ స్థానమున నున్నచో ఏమి చేయుదువని ఒక బాలుని అడిగెడివాడు. తప్పు చెప్పినవానిని కోపింపక, ఆ తప్పు ఒకప్పుడు గొప్పవారు చేసినదే యని చెప్పి నవ్వించెడివాడు. అప్పుడు అడిగినవాడు సిగ్గుపడుట మాని మరల అడిగెడివాడు. ఇంగ్లీషు మాటల నడుమ బెంగాలీ పలుకుబళ్ళు, చమత్కారములు దొర్లుచుండెడివి. మాతృభాషలో చెప్పినది మనస్సున సూటిగా నాటునని ఆయన విశ్వాసము. బాగుగా సమాధానము చెప్పినవాని వీపుపై ప్రేమతో ఒక గ్రుద్దు పడెడిది. బక్కపలుచని గురువుగారి ఆ పిడికిలి దెబ్బ శిష్యులకు బహుమానమే.

ఆయన పాఠములలో ఎముకబూడిద పాఠము మిక్కిలి ప్రసిద్ధము. ఎముకను నిప్పులో బాగుగా కాల్చినచో దానిలోని జిగురు, క్రొవ్వు, మాంసపదార్థము సర్వము కాలిపోయి, తెల్లని బూడిద మాత్రము మిగులును. అది చాలవరకు కాల్షియం ఫాస్ఫేటు. ప్రఫుల్లచంద్రుడు ఆ బూడిదను చిటికెడు తీసి విద్యార్థులకు చూపి, ఇది ఏ జంతువు ఎముకయో చెప్పగలరా యని అడిగెడివాడు. పశువుదా, మనుష్యునిదా యని ప్రశ్నించెడివాడు. ఎవరును చెప్పలేకపోయెడివారు. అప్పుడు ఆయన అందరును చూచుచుండగా ఆ చిటికెడు బూడిదను తన నోట వేసికొనెడివాడు. తరగతి యంతయు నిర్ఘాంతపోయెడిది. ఆచారములలో పెరిగిన బాలురు కొందరు ముఖము త్రిప్పుకొనెడివారు. మరుక్షణమున నవ్వులు వెల్లివిరిసెడివి. నిప్పులో పడి పరిశుద్ధమైన పదార్థమునకు కులము లేదు, జన్మము లేదు, అంటు లేదు. అది కేవలము ఒక రసాయనిక పదార్థము. ఈ సత్యమును చెప్పుటకు గంటసేపు ఉపన్యాస మక్కరలేదు, ఒక చిటికెడు చాలునని ఆయన నిరూపించెను. ఆ నవ్వులో రసాయనశాస్త్రముతోపాటు సంఘములోని మూఢవిశ్వాసము లపై ఒక ప్రశ్నయు ఇమిడియుండెను. జీవితకాల మంతయు ఆయన అస్పృశ్యతను నిరసించుచునే యుండెను.

ఎముకలతో ఆయనకు గల చుట్టరికము తరగతిగదితో ముగియలేదు. పట్టములు పుచ్చుకొనిన యువకులందరు గుమాస్తా పనులకై దరఖాస్తులు పట్టుకొని తిరుగుట చూచి ఆయన మనస్సు నొచ్చెడిది. మన దేశపు ముడిసరకులతో మన చేతులతోనే మందులు, రసాయనములు తయారుచేసినచో దేశమునకు సంపదయు, యువకులకు జీవనోపాధియు కలుగునని ఆయన తలచెను. 1892లో కొద్దిపాటి సొంత ధనముతో, అప్పర్ సర్క్యులర్ రోడ్డులో తాను నివసించు 91వ నంబరు అద్దెయింటిలోనే పని ప్రారంభించెను. పగలు కళాశాల, ఉదయము సాయంకాలములు కర్మాగారము. ఔషధములకు కావలసిన సోడియం ఫాస్ఫేటును ఎముకలనుండి చేయవలెనని కసాయివారి వద్దనుండి పచ్చి ఎముకలు బండ్లపై తెప్పించి మేడపై ఆరబెట్టించెను. ఇంతలో చలికాలపు వాన పట్టుకొనెను. ఎముకలపై అంటియున్న మాంసము క్రుళ్ళి దుర్గంధము వ్యాపించెను. కాకులు ఎముకముక్కలను ముక్కున కరచుకొని ఇరుగుపొరుగువారి యిండ్లపై జారవిడువ సాగెను. ఆచారపరులైన పొరుగువారు కలహమునకు దిగిరి.

చేయునది లేక ఆయన ఆ ఎముకల నన్నిటిని ఊరి చివరనున్న మాణిక్‌తలాకు తరలించి, రాత్రివేళ వానికి నిప్పు పెట్టించెను. మంటలు ఆకాశమునకు లేచెను. గస్తీ తిరుగుచున్న పోలీసువారు ఆ మంటను చూచి, ఎవరినో చంపి శవమును రహస్యముగా దహించుచున్నారని యనుమానించి పరుగున వచ్చిరి. వచ్చి చూచినవారికి ఎముకల కుప్ప తప్ప నేరమేదియు కానరాలేదు. ఇట్లు పుట్టిన బూడిదను గంధకికామ్లముతో కలిపి, దానినుండి ఆయన తాను కోరిన ఫాస్ఫేటును తయారుచేసెను. ఒక వంక పరిహాసములు, ఒక వంక ఫిర్యాదులు, నడుమ పరిశ్రమ.

కాని ఆ పరిశ్రమ వెనుక కన్నీరును కలదు. అమూల్యచరణ బోసు అను వైద్యుడు ఆయనకు కుడిభుజమై నిలిచి, ఈ దేశపు మందులను తోటివైద్యులచే వాడించుచుండెను. 1898లో కలకత్తాలో ప్లేగు వ్యాపించినప్పుడు రోగులకు చికిత్స చేయుచు ఆ వ్యాధికే ఆయన బలియయ్యెను. సతీశచంద్ర సింహుడను రసాయనశాస్త్ర పట్టభద్రుడు ఉద్యోగములను కాదని ఈ కర్మాగారమున చేరెను. ఆ యువకుడు ప్రయోగశాలలో ప్రుసిక్ ఆమ్లమను ఘోరవిషమువలన ప్రమాదవశమున మరణించెను. బాల్యమున రేకు పరికరము ప్రేలినప్పుడు తప్పిన యాపద, ఈ మారు ప్రాణమునే తీసికొనిపోయెను. ప్రఫుల్లచంద్రుడు కృంగిపోయెను గాని పనిని విడువలేదు. చనిపోయినవారు నమ్మిన పని నిలువవలెనని, భారమంతయు తానే మోసెను. 1901లో ఆ సంస్థ బెంగాల్ కెమికల్ అండ్ ఫార్మస్యూటికల్ వర్క్స్ అను పేర లిమిటెడ్ కంపెనీ యయ్యెను. దానిని 1980లో భారతప్రభుత్వము జాతీయము చేసెను.

ఇన్ని పనుల నడుమ ఆయన పరిశోధన మానలేదు. ఆయన పట్టుదలవలన ప్రెసిడెన్సీ కళాశాలలో రసాయన ప్రయోగశాలకు 1894లో క్రొత్త భవనము ఏర్పడెను. పాదరసముపై పలుచని నత్రికామ్లము పోసి ప్రయోగములు చేయుచుండగా, ఒకనాడు పాత్రలో పసుపుపచ్చని స్ఫటికము లేర్పడెను. సామాన్యు డెవడైనను వానిని కడిగి పారవేసియుండును. విద్యార్థులకు ప్రశ్నించుట నేర్పిన గురువు తానును ఇవి ఏమి, ఎందుకు పుట్టినవని ప్రశ్నించుకొనెను. పరీక్షింపగా అది అంతకుమున్ను ఎవరును స్థిరరూపమున చూచి యుండని మెర్క్యురస్ నైట్రైటు అని తేలెను. 1896లో ప్రకటింపబడిన ఈ పరిశోధన ఆయనకు దేశదేశముల కీర్తి తెచ్చెను.

భారతీయులకు రసాయనశాస్త్రము పరాయిసొత్తా యను ప్రశ్న కూడ ఆయనను వేధించుచుండెను. తాళపత్రగ్రంథములను వెదకించి, పండితుల సహాయముతో చదివి, హిందూరసాయనశాస్త్ర చరిత్రమును ఇంగ్లీషులో రెండు సంపుటములుగా రచించెను. మొదటిది 1902లోను, రెండవది 1909లోను వెలువడెను. ప్రాచీనులు లోహములను శుద్ధిచేసిన తీరు, పాదరసముతో చేసిన మందులు అందు వివరింపబడినవి. పూర్వపు రసవాదులలో నాగార్జునుని పేరు మిక్కిలి ప్రసిద్ధము. కృష్ణాతీరమున నాగార్జునకొండ గల తెలుగువారికి ఆ పేరు సుపరిచితము. ప్రఫుల్లచంద్రునకు ఆ పేరుపై ఎంత గౌరవమనగా, తరువాతి కాలమున రసాయన పరిశోధనకై కలకత్తా విశ్వవిద్యాలయమున తాను 10,000 రూపాయల విరాళముతో నెలకొల్పిన బహుమానమునకు నాగార్జున బహుమాన మని పేరిడెను.

1909లో ప్రెసిడెన్సీ కళాశాలలో చేరిన విద్యార్థిబృందము చరిత్ర కెక్కినది. సత్యేంద్రనాథ బోసు, జ్ఞానచంద్ర ఘోషు, జ్ఞానేంద్రనాథ ముఖర్జీ ఆ యేటివారే. రెండేండ్లకు మేఘనాద సాహా వారితో చేరెను. సాహా చిన్న పల్లెనుండి వచ్చిన బీదబాలుడు. తక్కువకులమున పుట్టినవాడని వసతిగృహమున తోటివారు ఆతనిని వేరుగా చూచిరి. ఎముకబూడిదకు కులము లేదని చెప్పిన గురువు తరగతిలో మాత్రము ఆతనికి ఆ బాధ లేకుండెను. బోసు మహా చురుకైనవాడు, అల్లరివాడు. అడుగరాని చోట ప్రశ్నలడిగి తరగతి నంతటిని కదలించెడివాడు. అందుచే గురువు ఆతనిని తోటివారినుండి వేరుచేసి, తన బల్లచెంతనే కూర్చుండబెట్టుకొనెనని చెప్పుదురు. చూచువారికి అది శిక్ష. కాని ప్రశ్నలడుగువానికి గురువు ప్రక్కనే చోటు దొరకుట కన్న గౌరవ మేమున్నది?

ఆ శిష్యులు గురువు ఋణమును చక్కగా తీర్చుకొనిరి. వేడివలన నక్షత్రములలోని పరమాణువులు ఎట్లు విద్యుదావేశమును పొందునో తెలుపు సూత్రమును సాహా 1920లో ప్రకటించెను. 1924లో బోసు వ్రాసిన వ్యాసమును ఐన్‌స్టీను స్వయముగా జర్మనుభాషలోనికి అనువదించి అచ్చువేయించెను. బోసాను లను కణములకు ఆ పేరు బోసు వలననే వచ్చినది. ఘోషు 1950లో ఖరగపురమున నెలకొల్పబడిన మన దేశపు మొదటి సాంకేతిక విద్యాసంస్థకు తొలి సంచాలకు డయ్యెను. వీరిలో కొందరు రసాయనశాస్త్రమును విడిచి భౌతికశాస్త్రమునకు పోయిరి. గురువు దానికి చింతింపలేదు. ఆయన నేర్పినది ఒక శాస్త్రమును మాత్రమే కాదు, ప్రశ్నించు ధైర్యమును.

1916లో ప్రెసిడెన్సీ కళాశాలనుండి విరమించి, ఆయన కలకత్తా విశ్వవిద్యాలయ విజ్ఞానకళాశాలలో ఆచార్యుడుగా చేరెను. ఆయన అవివాహితుడు. ఆ కళాశాల భవనములోని ఒక గదియే ఆయన యిల్లు. ఒక మంచము, ఒక బల్ల, పుస్తకములు. ఇంతకుమించి అందు చెప్పుకొనదగిన సామగ్రి లేదు. బీదవిద్యార్థులు ఆయనవద్దనే యుండి చదువుకొనెడివారు. సాయంకాలము మైదానమునకు పోయి శిష్యులతోను, మిత్రులతోను కూర్చుండి ముచ్చటించుట ఆయనకు నిత్యవ్రతము. 1921లో అరువదేండ్లు నిండిననాటినుండి తన జీతమును తాను తీసికొనక రసాయనశాఖ అభివృద్ధికై విశ్వవిద్యాలయమునకే వదలివేసెను. 1922లో ఉత్తరవంగము వరదలలో మునిగినప్పుడు, శిష్యులను వెంటబెట్టుకొని విరాళములు పోగుచేసి, బాధితులకు అన్నవస్త్రము లందించు కార్యమునకు నాయకుడై నిలిచెను. 1924లో భారతీయ రసాయన సంఘము స్థాపింపబడినప్పుడు ఆయనయే దానికి తొలి యధ్యక్షుడు. ఒకప్పుడు భారతీయుడవు గనుక తక్కువ జీతము చాలునన్న దేశములోనే, భారతీయ రసాయనశాస్త్రజ్ఞులకు స్వంత సంఘ మేర్పడెను.

1936లో, డెబ్బదియైదవ యేట, ఆయన ఉద్యోగమును పూర్తిగా విడిచెను. 1944వ సంవత్సరము జూన్ 16వ తేదీన, తాను నివసించిన ఆ కళాశాల గదిలోనే, శిష్యులు చుట్టును ఉండగా ప్రఫుల్లచంద్రుడు కన్నుమూసెను. కుమారులు లేని ఆయనకు శిష్యులే కుమారులైరి.

ప్రఫుల్లచంద్రుడు కనుగొనిన పదార్థములను గూర్చి పెద్ద గ్రంథములలో చదువవచ్చును. ఆయన తొలితరగతి పాఠము మాత్రము ప్రతి పల్లెలోను, ప్రతి యింటను జరుపుకొనదగినది. సున్నము బుసకొట్టునప్పుడు ఎందుకని అడుగవచ్చును. చింతపండు తగిలిన రాగి ఎందుకు మెరసెనని అడుగవచ్చును. తెలిసిన స్నేహితునితో కలిసి, పెద్దల యెదుట, జాగ్రత్తతో చేసి చూడవచ్చును. తప్పినచో కలిసి నవ్వవచ్చును. నవ్విన వెనుక మరల అడుగవలెను. విద్య అట్లే అలవడును.